జిద్దా ఎంత దూరం?

ఈ ప్రశ్న అడిగితే మన ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా జవాబు చెబుతారు. "విమానంలో ఆరు గంటలు" అంటారు. ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ ఉంటారు, లేదా ఉండి వచ్చి ఉంటారు. కొడుకో, అల్లుడో, తమ్ముడో సౌదీలో లేని కుటుంబానికి కూడా పక్కింటివారి ద్వారా ఆ ఊరి సంగతులు తెలుస్తూనే ఉంటాయి. కాబట్టి ఆరు గంటలన్నది అందరి నోటా నలిగిన మాట.

జవాబు తప్పు కాదు. ఉమ్రాకు వెళ్ళేవారికి, సెలవు మీద వచ్చేవారికి అది సరిపోతుంది కూడా. అయితే ఇంట్లో ఒక మరణం సంభవించిన రోజున ఇదే జవాబు మనల్ని పెద్ద చిక్కులో పడేస్తున్నది. మన వాడల్లో ఇప్పుడు తరచుగా జరుగుతున్న ఒక విషయాన్ని పాఠకుల ముందుంచి, దాని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెల్లవారుజామున ఇంటి పెద్దకు ఇంతికాల్ అవుతుంది. రెండో నిమిషంలో జిద్దాలో ఉన్న కొడుకుకు ఫోను వెళ్తుంది. అతను ఏడుస్తూనే, "ఆపండి, నేను బయలుదేరుతున్నాను. అబ్బాజాన్ ముఖం చూడకుండా దఫన్ చేయొద్దు" అంటాడు. ఇంట్లోవాళ్ళు వేళ్ళ మీద లెక్కవేస్తారు. ఆరు గంటలే కదా, అస్ర్ వేళకు చేరతాడు, మగ్రిబ్ తర్వాత జనాజా అనుకుంటారు. మస్జిదులో అలాగే ఎలాన్ చేయిస్తారు. మగ్రిబ్ దాటుతుంది. ఇషా కూడా దాటుతుంది. టికెట్ దొరకలేదని ఒక ఫోను, కఫీల్ కాగితం ఇవ్వలేదని మరో ఫోను వస్తాయి. ఫ్రీజర్ బాక్స్ అద్దెకు తెస్తారు. మర్నాడు జొహర్ అన్నది మూడోనాడు ఫజర్ అవుతుంది. దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులు కొందరు వెళ్ళిపోతారు, కొందరు గొణుగుతారు. భర్తను పోగొట్టుకున్న ముసలి తల్లి ఆ పెట్టె పక్కనే రెండు రాత్రులు కూర్చుంటుంది. తీరా కొడుకు వచ్చాక, "ఆరు గంటల దారికి రెండు రోజులా? మనసుంటే రాలేవా?" అని ఎవరో అననే అంటారు. ఆ మాట ఆ కొడుకు గుండెలో బతికినన్నాళ్ళూ ఉండిపోతుంది.

ఇందులో తప్పు ఎవరిది? కొడుకుది కాదు. ఇంట్లోవాళ్ళదీ కాదు. విమానం గాలిలో ఉండే సమయాన్నే ప్రయాణ సమయం అనుకోవడంలో ఉంది పొరపాటు. అందుచేత ముందు ఆ లెక్క సరిగ్గా తెలుసుకుందాం.

హైదరాబాద్ నుంచి జిద్దాకు అతి దగ్గరి దారిలో గీత గీస్తే ఆ దూరం సుమారు 4,130 కిలోమీటర్లు. ఆ గీత మహారాష్ట్ర మీదుగా అరేబియా సముద్రం దాటి, ఒమాన్ నేల తాకి, రుబుల్ ఖాలీ ఎడారి మీదుగా ఎర్రసముద్రపు ఒడ్డుకు చేరుతుంది. ప్రయాణికుల విమానం ఆకాశంలో గంటకు 850 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. భాగించి చూస్తే ఐదు గంటల లోపే చేరాలి. మరి ఆరు గంటలు ఎందుకవుతుంది? విమానం ఆ గీత మీదనే పోదు. ఆకాశంలోనూ నిర్ణయించిన దారులున్నాయి, ఆ దారుల వెంటే పోవాలి. పైకెక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువగా ఉంటుంది. రన్‌వే మీద వంతు కోసం ఆగాలి. టికెట్ మీద ఉండే సమయం విమానం తన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల తన చోట ఆగేదాకా లెక్క.

దీనికి తోడు గాలి. మన ప్రాంతాల పైన, విమానాలు ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో గాలి పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. పడమరకు పోయే విమానానికి అది ఎదురుగాలి, తూర్పుకు వచ్చేదానికి వెనకగాలి. అందుకే జిద్దాకు వెళ్ళేటప్పుడు దాదాపు ఆరు గంటలు పడితే, అక్కడి నుంచి వచ్చేటప్పుడు ఐదుంపావు గంటలకు అటూ ఇటూగా చేరుతుంది. దూరం ఒకటే అయినా పోయే సమయం, వచ్చే సమయం వేరు.

ఇక గడియారం సంగతి. భారత కాలమానం సౌదీ కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. హైదరాబాదులో ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం ఆరు గంటలు ఎగిరి, అక్కడి గడియారం ప్రకారం మధ్యాహ్నం 1.30కి దిగుతుంది. టికెట్ చూసినవాడికి మూడున్నర గంటల ప్రయాణమే అనిపిస్తుంది. రాత్రి 10కి జిద్దాలో బయలుదేరిన విమానం ఐదుంపావు గంటలు ఎగిరి, మన గడియారం ప్రకారం తెల్లవారి 5.45కు దిగుతుంది. చూసినవాడికి అది ఏడు ముప్పావు గంటలుగా కనబడుతుంది. రెండు లెక్కలూ పైపైన చూసినవే. వచ్చే మనిషికి ఈ రెండున్నర గంటలు అదనపు ప్రయాణం కాదు గాని, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళ గడియారంలో మాత్రం అవి కలిసిపోతాయి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మన పిల్లలందరూ జిద్దా విమానాశ్రయం గేటు పక్కన ఉండరు. జిద్దాలో ఉన్నాడని మనం చెప్పుకునే అబ్బాయి నిజానికి యన్బూలోనో, తాయిఫ్‌లోనో, తబూక్‌లోనో ఉంటాడు. యన్బూ నుంచి జిద్దాకు 300 కిలోమీటర్ల పైమాటే. తబూక్ నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు. ఇటు మన ఇల్లు శంషాబాదులో ఉండదు. జగిత్యాల వైపు ఊరైతే విమానాశ్రయం నుంచి మరో 200 కిలోమీటర్ల పైచిలుకు. కడప వైపైతే 400 దాటుతుంది.

యన్బూలో పనిచేసే జగిత్యాల అబ్బాయిని తీసుకుందాం. మన గడియారంలో ఉదయం 7.30కి కబురు అందింది. అక్కడ అప్పుడు 5 గంటలు. టికెట్ చూసుకోవడానికి, యజమానికి చెప్పడానికి రెండు గంటలు వేసుకోండి. జిద్దాకు కారులో నాలుగు గంటలు. విమానాశ్రయంలో మూడు గంటల ముందు ఉండాలి. అంటే అక్కడి గడియారంలో మధ్యాహ్నం 2 అయింది. సరిగ్గా అప్పుడే విమానం ఉన్నదనుకుందాం. ఐదుంపావు గంటల తర్వాత హైదరాబాదులో దిగేసరికి మన గడియారంలో రాత్రి 9.45. పాస్‌పోర్టు చూపించుకుని, సామాను తీసుకుని బయటపడేసరికి 11. ఇంటికి చేరడానికి ఐదు గంటలు. గుమ్మంలో అడుగుపెట్టేసరికి తెల్లవారుజామున 4.

మొత్తం ఇరవైన్నర గంటలు. ఇందులో విమానం ఎగిరినది ఐదుంపావు గంటలు, అంటే పాతిక వంతు కంటే కొంచెమే ఎక్కువ. పైగా ఈ లెక్కలో ప్రతి పనీ అడ్డంకి లేకుండా జరిగిందనుకున్నాం. నేరుగా వచ్చే విమానం రోజులో ఏ గంటకు కావాలంటే ఆ గంటకు ఉండదు. అది తప్పిపోతే రియాద్, దుబాయ్, దోహా లాంటి చోట మారి రావాలి. మారేచోట మూడు గంటలు ఆగవలసి రావచ్చు, పది గంటలైనా ఆగవలసి రావచ్చు. సెలవుల రోజుల్లో, రంజాన్ చివర్లో, హజ్ ముగిసిన వెంటనే సీట్లే దొరకవు.

కిలోమీటర్లలో కొలవలేని దూరం మరొకటి ఉన్నది. అది కాగితాల దూరం. సౌదీలో పనిచేసే విదేశీయుడు ఊరికి వచ్చి మళ్ళీ పనికి వెళ్ళాలంటే ఎగ్జిట్–రీఎంట్రీ వీసా ఉండాలి. ఇఖామా చెల్లుబాటులో ఉండాలి, పాస్‌పోర్టు గడువు మిగిలి ఉండాలి. 2021 మార్చి 14న అమలులోకి వచ్చిన సంస్కరణతో అక్కడి ప్రైవేటు కంపెనీల కార్మికులకు, నిర్ణీత షరతులకు లోబడి, యజమాని అనుమతి లేకుండానే ఈ వీసాకు సొంతంగా దరఖాస్తు పెట్టుకునే వీలు కలిగింది. అయితే ఇళ్ళలో పనిచేసేవారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, పశువుల కాపరులు ఆ సంస్కరణ పరిధిలోకి రాలేదు. మన జిల్లాల నుంచి వెళ్ళినవారిలో ఈ పనులు చేసేవారు ఎందరో ఉన్నారని వేరే చెప్పనక్కరలేదు. ఎడారి మధ్యలో గొర్రెల మందతో ఉన్న మనిషికి ఫోను మోగుతుంది గాని, విమానాశ్రయానికి తీసుకుపోయే బండి యజమాని వస్తేనే వస్తుంది.

హైదరాబాద్ నుంచి షికాగో 13,000 కిలోమీటర్ల పైన. జిద్దాకు మూడింతల కంటే ఎక్కువ. అయినా అక్కడి కాగితాలన్నీ చేతిలో ఉన్న పెద్దకొడుకు షికాగో నుంచి ముందు చేరి, జిద్దాలో ఉన్న చిన్నకొడుకు తర్వాత చేరే సందర్భం రావచ్చు. అలాంటప్పుడు పెద్దవాడికి ప్రేమ ఎక్కువ, చిన్నవాడికి తక్కువ అని తూచడం ఎంత అన్యాయం!

పాతకాలం సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం. 1995 దాకా బొంబాయి రేవు నుంచి హజ్ యాత్రికులు ఓడలో జిద్దా వెళ్ళేవారు. సముద్రం మీద ప్రయాణం వారానికి పైమాటే. ఓడ ఎక్కేటప్పుడు బంధువులతో చెప్పుచేతలన్నీ ముగించుకుని, తప్పులు మన్నించమని కోరి, అప్పులు తీర్చి, వసియ్యత్ రాసి వెళ్ళేవారు. ఇంటి దగ్గర ఎవరైనా చనిపోతే ఆ కబురు ఉత్తరంలోనో టెలిగ్రాంలోనో చేరేది. అది అందే వేళకు ఖబ్ర్ మీద మట్టి ఆరిపోయి ఉండేది. దూరాన ఉన్న కొడుకు కోసం జనాజా ఆపాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. ఆ కొడుకూ తనను ఆపి ఉంచలేదని ఎవరినీ నిందించేవాడు కాదు. కబురు అందిన చోటే కన్నీళ్ళు కార్చి, నమాజు చదువుకుని, తండ్రి కోసం దుఆ చేసేవాడు.

ఇప్పుడేమైంది? వారాల దూరం గంటల దూరమైంది. కబురు కళ్ళు మూసి తెరిచేలోగా చేరుతున్నది. వీడియో కాల్‌లో మనిషి ముఖం ఎదురుగా కనబడుతున్నది. ఫోనులో అంత దగ్గరగా కనిపించేవాడు ఇంటికీ అంత త్వరగా వస్తాడని మనసు నమ్ముతుంది. దూరం తగ్గినకొద్దీ మయ్యిత్ వేచి ఉండే సమయం పెరిగింది. ఈ విడ్డూరాన్ని విజ్ఞులు గమనించాలి. విమానం మనకు ఇచ్చిన సౌకర్యం బతికున్నవారిని కలుసుకోవడానికి. దాన్ని మనం చనిపోయినవారిని ఆపి ఉంచడానికి వాడుకుంటున్నాం.

మన ఫుఖహాలు ప్రయాణాన్ని కాలంతో కొలిచారు. హనఫీ ఫిఖ్హ్‌లో నమాజును ఖస్ర్ చేసుకోవడానికి హద్దు మూడు రోజుల ప్రయాణం. మనిషి మామూలు నడక, ఒంటె మామూలు నడక అందుకు ప్రమాణం. మధ్యలో ఆగడం, తినడం, నిద్రపోవడం అన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. తర్వాతి కాలపు ఉలమాలు దాన్ని 48 మైళ్ళుగా, అంటే దాదాపు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. మనిషికి అలసట ఉన్నదని, ఆకలి ఉన్నదని, దారిలో ఆగవలసి వస్తుందని ఆ పెద్దలకు తెలుసు. టికెట్ మీది అంకె చూసి లెక్కవేసే మనం ఆ సంగతి మరచిపోయాం.

ఇక జనాజా విషయం. త్వరపడమని దైవప్రవక్త (స) బోధించారని, గుస్ల్, కఫన్ ఏర్పాట్లలో జాప్యం చేయవద్దన్నది ఉలమాల మాట అని మన పాఠకులకు తెలియనిది కాదు. జనాజా నమాజు ఫర్జె కిఫాయా. ఊళ్ళో ఉన్న కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యతా తీరుతుంది. రాలేకపోయిన కొడుకు మీద పాపం ఏమీ లేదు. అతని దుఆకు దూరం అడ్డు కాదు, ఆలస్యం కూడా అడ్డు కాదు. నెల తర్వాత వచ్చినా ఖబ్ర్ దగ్గర నిలబడి తండ్రి మగ్ఫిరత్ కోరవచ్చు. తండ్రి పేర సదఖా ఇవ్వవచ్చు, ఆయన అప్పు తీర్చవచ్చు, ఆయన స్నేహితులను ఆదరించవచ్చు. కొడుకు చేయగలిగినవి ఇన్ని ఉండగా, ముఖం చూడటమొక్కటే కొడుకు హక్కు అన్నట్లు మనం ప్రవర్తిస్తున్నాం.

"మీరు చెప్పేది బాగానే ఉంది మౌల్వీసాబ్, కాని ఆఖరి చూపు మాట ఏమిటి?" అని అడిగేవారున్నారు. ఆ బాధ మామూలు బాధ కాదు. ఏళ్ళ తరబడి ఎండలో కష్టపడి ఇంటికి డబ్బు పంపినవాడికి తండ్రి ముఖం దక్కకపోతే ఏ మాటా ఓదార్పు కాదు. కొడుకు అప్పటికే విమానం ఎక్కి ఉంటే, కొద్ది గంటల్లో చేరతాడని నిశ్చయంగా తెలిస్తే, మొహల్లా పెద్దలు, ఇమాం సాహెబ్ కలిసి ఆలోచించి చెబుతారు. మనం కాదంటున్నది వేరే సంగతి. టికెట్ చేతికి రాకముందే, కాగితం మాట తేలకముందే "ఆపండి" అనడం, అవతలివారు "ఆపుతాం" అనడం, దానికొక గడువు లేకపోవడం, ఇవి సరికాదు. హద్దు లేని ఎదురుచూపు ఎవరికీ మేలు చేయదు. మయ్యిత్‌కు గౌరవం కాదు, బతికున్నవారికి విశ్రాంతి లేదు, దారిలో ఉన్న కొడుకుకు ప్రతి గంటా నరకమే.

మరి ఏం చేయాలి? మా విన్నపాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, పరదేశంలో మనిషి ఉన్న ప్రతి కుటుంబమూ తన లెక్క తాను ఒక కాగితం మీద రాసుకోవాలి. పనిచేసే చోటి నుంచి విమానాశ్రయానికి ఎన్ని గంటలు, అక్కడి నుంచి మన ఇంటికి ఎన్ని గంటలు, నేరుగా వచ్చే విమానాలు ఏయే రోజుల్లో ఉన్నాయి, తప్పితే ఎక్కడ మారాలి అన్నీ అందులో ఉండాలి. దుబాయ్ అయితే దూరం సుమారు 2,550 కిలోమీటర్లు, రియాద్ అయితే సుమారు 3,400. విమానం ఎగిరే సమయం తగ్గుతుంది, మిగతా ఖర్చులన్నీ అలాగే ఉంటాయి. అరగంట కూర్చుంటే ఈ లెక్క తేలిపోతుంది. ఆపదలో ఇది ఎంత పనికి వస్తుందో అనుభవించినవారికే తెలుసు.

రెండోది, అక్కడ ఉన్నవారు కాగితాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. పాస్‌పోర్టు గడువు, ఇఖామా గడువు దగ్గరపడక ముందే చూసుకోవాలి. ఇంట్లో పెద్దల ఆరోగ్యం బాగాలేదని తెలిసినప్పుడే ఛుట్టీ మాట కంపెనీతో ఎత్తాలి. అత్యవసరానికి ఒక టికెట్ ఖర్చు వేరుగా దాచుకోవాలి. వచ్చే డబ్బంతా ఇంటికి పంపి, ఆపద నాడు తోటివాళ్ళ దగ్గర చేయిచాచవలసిన స్థితి రాకూడదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. జబ్బును దాచకండి. "పరాయి దేశంలో ఉన్నాడు, వింటే బెంగపడతాడు" అని తల్లులు దాస్తారు. అబ్బాకు ఎలా ఉందని అడిగితే బాగానే ఉన్నారని చెల్లెళ్ళు బొంకుతారు. ప్రేమతోనే అలా చేస్తారు. కాని ఆ ప్రేమే చివరికి కొడుకును తండ్రికి దూరం చేస్తుంది. డాక్టరు పెదవి విరిచిన రోజునే ఫోను చేస్తే, ఇరవై గంటలైనా నలభై గంటలైనా బతికున్న తండ్రి దగ్గరికి చేరతాడు. మరణం తర్వాత చేసే ఫోనుకు మూడు గంటల దారి కూడా ఎక్కువే. రావలసిన అవసరం కూతుళ్ళకూ ఉంటుంది. భర్తతో పాటు అక్కడ కాపురమున్న ఆడపిల్లకు పిల్లల కాగితాలు, భర్త సెలవు ఇవన్నీ కలిసి రావాలి. ఆమెకు కబురు ఇంకా ముందే చెప్పాలి.

నాలుగోది, ఇంటి పెద్దలు తమ నోటితో ఒక మాట చెప్పి ఉంచాలి. "నాకేమైనా అయితే ఎవరి కోసమూ ఆపకండి. నా కొడుకు రాలేకపోతే నేను అతని మీద రాజీగానే ఉన్నాను" అని ఆరోగ్యంగా ఉన్నప్పుడే నలుగురి ముందు చెప్పాలి, వసియ్యత్‌లో రాయాలి. ఈ ఒక్క మాటతో ఆ రోజు ఇంట్లో గొడవ ఉండదు. బంధువులెవరూ కొడుకును వేలెత్తి చూపలేరు. కొడుకుకు తండ్రి ఇచ్చే ఆఖరి కానుక ఇంతకంటే ఏముంటుంది?

ఐదోది మొహల్లావారికి. కొడుకు రాలేదని తప్పుపట్టేముందు అతని ఇరవై గంటలను మీ వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. అతను విమానంలో ఉన్నది ఐదు గంటలే. మిగతా గంటలు యజమాని గుమ్మంలో, టికెట్ కౌంటరు ముందు, విమానాశ్రయం బెంచీ మీద, అద్దె కారులో గడిచినవి. ఆ గంటల్లో అతను ఒంటరిగా ఏడ్చిన ఏడుపు ఎవరూ చూడలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. మరణం ఇటువైపే వస్తుందని రాసిపెట్టి లేదు. పనికి వెళ్ళినవాడే అక్కడ కన్నుమూసే ఘటనలు మనం చూస్తున్నాం. అప్పుడు దూరం మరింత పెరుగుతుంది. అక్కడే దఫన్ చేయాలన్నా, స్వదేశానికి పంపాలన్నా కుటుంబం సమ్మతి పత్రం రాసి ఇవ్వాలి. మన రాయబార కార్యాలయమో, జిద్దాలోని కాన్సులేటో అనుమతి పత్రం ఇవ్వాలి. ఇక్కడికి తేవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తాను అక్కడ చనిపోతే ఏం చేయాలో బయలుదేరేముందే భార్యతో, తల్లిదండ్రులతో చెప్పుకోవడం మంచిది. ఈ మాట అపశకునం కాదు. ఓడల కాలంలో మన పెద్దలు ప్రతి ప్రయాణానికీ చేసిన పనే ఇది.

జిద్దా ఆరు గంటల దూరమన్నది నిజమే. అయితే ఆ ఆరు గంటలు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, కాగితాలు చేతిలో ఉన్నప్పుడు, తల్లిదండ్రులు కళ్ళెదుట తిరుగుతున్నప్పుడు పనికివచ్చే ఆరు గంటలు. వాటిని ఆ రోజుల్లోనే వాడుకోండి. ఈ ఏడు ఇంటికి రంగు వేయకపోయినా, కొత్త ఫోను కొనకపోయినా ఫరవాలేదు. ఆ డబ్బుతో ఒక ఛుట్టీకి వచ్చి, అబ్బా పక్కన వారం రోజులు కూర్చుని భోంచేసి వెళ్ళండి. ఇంట్లోవాళ్ళు కూడా వచ్చే నెల పంపవలసిన డబ్బు లెక్క అడగడం మాని, "బేటా, ఒకసారి వచ్చి వెళ్ళు" అని అడగండి.